మాట తెలియకపోవటం వేరు, చదువు పట్టుబడకపోవటం వేరు

పొదుపు లెక్కలు, అప్పుల లెక్కలు ఇంతకుముందే చదివారు. మేము మా సంఘంలో జరిగిన పొరపాటు ఒకటి చెప్పుకుందామని నిలబడ్డాము.

మన పర్చూరు వైపు పత్తి తీతలకు, మిరప కోతలకు కర్నూలు వైపు నుంచి కూలీలు పిల్లాజెల్లాతో వస్తారు. పోయినసారి తండా నుంచి వచ్చిన ఒక కుటుంబం మా చేల దగ్గర గుడిసె వేసుకుంది. వాళ్ళకి ఎనిమిదేళ్ళ పాప. మేమే బడిలో కూర్చోబెట్టాము. నెల తిరక్కుండానే "ఈ పిల్లకి ఏమీ ఎక్కటం లేదు, బుర్ర ఎదగలేదేమో" అన్నారు. మేమూ తల ఊపాము. సదరం క్యాంపుకి తీసుకుపోతే పింఛనన్నా వస్తుందని వాళ్ళమ్మకి సలహా కూడా ఇచ్చాము. ఆమె ఏమీ అనలేదు. పాపని దగ్గరకి లాక్కుంది.

మా సంఘంలో లంబాడీల ఇంటి సభ్యురాలు ఉంది. ఆ సాయంత్రం ఆమె పాపతో వాళ్ళ భాషలో మాట కలిపింది. పాప గలగలా మాట్లాడింది. వాళ్ళ యాడి, అంటే అమ్మ, రోజుకి ఎన్ని కిలోల పత్తి తీసింది, కిలోకి ఎంత, వారానికి ఎంత రావాలి, అంతా నోటితోనే లెక్క కట్టింది. మాకు సిగ్గేసింది. పిల్లకి రానిది మన తెలుగు. తెలివి కాదు.

అలాగని అన్నిటికీ భాషే కారణం అనుకోకూడదు. మా సంఘంలోనే ఒకామె కొడుకు నాలుగో తరగతి. తెలుగింటి బిడ్డే. కథ చెబితే మనం పని మానుకుని వినాల్సిందే. చదవమంటే మాత్రం అక్షరం అక్షరం కూడబలుక్కుంటాడు, నిన్న నేర్చుకున్న గుణింతం ఇవాళ మర్చిపోతాడు. రెండేళ్ళు బద్ధకమని కొట్టాము. సమగ్ర శిక్ష వారి భవిత కేంద్రంలో చూపించి, డాక్టర్లతో పరీక్ష చేయిస్తే అభ్యసన వైకల్యం అని తేలింది. ఇది బుద్ధిమాంద్యం కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో చెప్పిన 21 రకాల వైకల్యాల్లో ఇదీ ఒకటి.

మరి తేడా ఎట్లా తెలుస్తుంది? మూడు సంగతులు చూడండి. ఇంటి భాషలో పిల్ల బాగా మాట్లాడుతుందా, లెక్క చెబుతుందా? కొత్త భాష నేర్చుకునేందుకు తగినంత కాలం ఇచ్చామా? కళ్ళు, చెవులు చూపించామా? ఇంటి భాషలో చురుగ్గా ఉండి బడి భాషలోనే తడబడితే కావలసింది ఓపిక. ఏళ్ళు గడిచినా తన సొంత భాషలోనూ చదవటం, రాయటం పట్టుబడకపోతే అప్పుడు పరీక్ష చేయించాలి. మన పిల్లలు ఇంగ్లీషు మీడియంలో నోరు మెదపకపోతే మొద్దు అంటామా? ఆ పాప విషయమూ అంతే.

2004లోనే మన రాష్ట్రంలో బహుభాషా విద్య అని కోయ, సవర, లంబాడీ లాంటి 8 గిరిజన భాషల్లో చిన్న తరగతుల చదువు మొదలుపెట్టారు. ఇంటి భాష మీద నిలబడితేనే రెండో భాష అందుతుందని.

ఈ ఏడు కూలీలు వచ్చినప్పుడు, వాళ్ళ భాష తెలిసిన సభ్యురాలిని ఒకరిని తోడు తీసుకుని బడికి వెళదామని మా సంఘం తీర్మానం రాసుకుంది. మీరూ రాసుకోండి. ఆ పాప మళ్ళీ వస్తే ముందు వాళ్ళమ్మని క్షమించమని అడగాలి. సెలవు.