సింహపు చేపకు తోటి చేపలు, పగడములు
(గుడియాత్తమున జరిగిన సభలో చేసిన ఉపన్యాస పాఠము)



సముద్రమునకు నూరు కిలోమీటర్లకు పైగా దూరమున, సంవత్సరములో అధిక భాగము పాలారున ఇసుక తప్ప నీరు కానరాని మన రాయవేలూరు, గుడియాత్తము ప్రాంతములలో సముద్రపు చేపను గూర్చి ఉపన్యాసమేల యని కొందరికి తోచవచ్చును. చెన్నపట్టణపు కొళత్తూరు దుకాణములు చూచివచ్చిన మన పిల్లలకు మంచినీటి చేపలతో తృప్తి తీరుటలేదు. వారు తమిళమున ‘మీన్ తొట్టి’ యని పిలుచు చేపల తొట్టిలో ఉప్పునీరు నింపి, సింహపు చేపను పెంచవలెనను కోరిక వారికి కలుగుచున్నది. కోరిక తప్పు కాదు. కాని ఆ చేపతో ఏ చేపలను ఉంచవచ్చును, ఏ పగడములను ఉంచవచ్చును అను ప్రశ్నలకు సమాధానము తెలియకుండ ధనము వెచ్చించుట తగదు. రెండవ ప్రశ్నలో చట్టము కూడ ఇమిడియున్నది.

ఇంగ్లీషున లయన్ ఫిష్ అను ఈ చేపకు ఎరుపు, తెలుపు చారలును, జూలువలె విప్పారిన రెక్కలును ఉండును. హిందూ మహాసముద్రము దీని స్వస్థలములలో ఒకటి. పెద్ద జాతి చేప 38 సెంటీమీటర్ల వరకు పెరుగును. వీపుమీద 13, పొట్టక్రింది రెక్కలలో 2, తోకకు ముందు క్రిందిభాగమున 3, వెరసి 18 ముండ్లలో విషమున్నది. ప్రక్కల విసనకర్రలవలె కనిపించు అందమైన రెక్కలలో మాత్రము విషము లేదు. విషము ఆత్మరక్షణకే గాని వేటకు కాదు. వేటకు దాని నోరే సాధనము.

తోటి చేపలను ఎంచుకొనుటలో మొదట చూడవలసినది ఆ నోటినే. సింహపు చేప పరుగెత్తి వేటాడదు. రెక్కలు చాచి, చిన్న చేపను మూలకు ఒత్తి, కనురెప్పపాటున సమూలముగా మ్రింగివేయును. తన నిడివిలో సగముండు చేపయైనను దానికి ఆహారమే. 2003లో ‘ఫైండింగ్ నీమో’ చలనచిత్రము వచ్చినది మొదలు పిల్లలందరును ఆ నారింజరంగు క్లౌన్ చేపను అడుగుచుందురు. అది పూర్తిగా పెరిగినను పది సెంటీమీటర్లు దాటుట అరుదు. దానిని సింహపు చేపతో ఉంచుట యనగా విస్తరిలో వడ్డించుటయే. డామ్సెల్ చేపలు, గోబీ చేపలు, రొయ్యలు మొదలగువాని గతియు అంతే. దుకాణమున అన్నియు చిన్నవిగా, ఒకే తొట్టిలో సఖ్యముగా కనిపించును. అమ్మువాడు చూపునది నేటి పరిమాణము. కొనువాడు తలపవలసినది రెండేండ్ల తరువాతి పరిమాణము.

పెద్ద చేపలైనచో సరిపోవును గదా యందురేమో. అదియు సంపూర్ణ సత్యము కాదు. సింహపు చేప మందగామి. దాని పొడవైన రెక్కలు కొరుకుటకు అనువైనవి. ట్రిగ్గర్ చేపలును, ఉబ్బుడు చేపలగు పఫర్‌లును ఆ రెక్కలను కొరికి ముక్కలు చేయును. మిక్కిలి పెద్ద గ్రూపర్ చేప సింహపు చేపనే మ్రింగగలదు. వియ్యమునకైనను కయ్యమునకైనను సమవుజ్జీ ఉండవలెనని మన పెద్దలు చెప్పిన మాట ఇచ్చట అక్షరాల వర్తించును. పరిమాణమున సమానమై, స్వభావమున సాధువైన చేప కావలెను. సర్జన్ చేపలలో పెద్దవి, ఫాక్స్‌ఫేస్ అను పసుపుపచ్చని చేప, ఎఱ్ఱని పెద్దకన్నుల స్క్విరెల్ చేప ఇందుకు అనుకూలములు. వీనిలో సర్జన్ చేపలును, ఫాక్స్‌ఫేసును ముఖ్యముగా నాచు తినునవి కావున ఆహారమునకై పోటీయు తక్కువ. అయితే ఫాక్స్‌ఫేసునకు కూడ విషపు ముండ్లున్నవని మరువరాదు.

పెద్ద జాతికి కనీసము 450 లీటర్ల తొట్టి కావలెను. అంత స్థలము మన యిండ్లలో అందరికి ఉండదు. పదునైదు సెంటీమీటర్లకు అటునిటుగా పెరుగు మరుగుజ్జు జాతులు కలవు. 200 లీటర్లు వానికి చాలును. నా అభిప్రాయమున మన ఊళ్లకు అవే తగినవి. నీటి ఉష్ణము 24 మొదలు 27 డిగ్రీల వరకు ఉండవలెను. వైశాఖ మాసమున రాయవేలూరి ఎండ 40 డిగ్రీలు దాటునని మీకు నేను చెప్పనక్కరలేదు. నీటిని చల్లబరచు యంత్రము కొనలేనివారు సముద్రపు చేపల జోలికి పోకుండుటయే మేలు.

ఆహారమును గూర్చి ఒక్క మాట. చవకగా దొరకు బంగారు చేపలను బ్రతికియుండగానే వేయుట కొందరికి వేడుక. ఆ చేపలలో ఉన్న ఒక పదార్థము బి1 విటమినును నశింపజేయును. క్రమముగా సింహపు చేప జబ్బుపడును. పచ్చి రొయ్యను, సముద్రపు చేప ముక్కను పుల్లకు గ్రుచ్చి నీటిలో కదలించినచో కొన్ని దినములకు అలవాటుపడును. పెరిగిన చేపకు వారమునకు రెండు మూడు పర్యాయములు పెట్టిన చాలును.

ఇక పగడముల మాట. మన స్త్రీలు నల్లపూసలతో కూర్చుకొను ఎఱ్ఱని పగడము ప్రధానముగా మధ్యధరా సముద్రమునుండి వచ్చునది. తొట్టిలో పెట్టదలచు పగడములు వేరు. అవి సముద్రమున దిబ్బలు కట్టు సజీవ ప్రాణులు. సింహపు చేప పగడమును తినదు, తాకదు. ఆ విధముగా చూచిన వీని మధ్య వైరము లేదు. చిక్కు నీటిలో ఉన్నది. మాంసాహారియైన చేప విసర్జించు మలినము పగడములకు హాని చేయును. చేపకు పురుగుపట్టినపుడు వేయు రాగి మందు పగడమును చంపివేయును. నీరు వేడెక్కిన పగడము తనలో నివసించు నాచును వెడలగొట్టి తెల్లబారును. మన్నారు సింధుశాఖలోనే 1998, 2010, 2016 సంవత్సరములలో ఇట్లు జరిగినది. సముద్రమునకే తప్పని ఆపద గుడియాత్తపు మిద్దె యింటి తొట్టికి తప్పునా?

అన్నిటికంటె ముఖ్యమైనది చట్టము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో 2001లో దిబ్బలు కట్టు పగడములన్నియు, నల్ల పగడములు, అగ్ని పగడములు, సముద్రపు విసనకర్రలు చేర్చబడినవి. పులికిచ్చిన రక్షణయే వీనికిని ఇచ్చిరన్నమాట. ఎండిన ముక్కను కూడ కొనుట, అమ్ముట నేరము. తూత్తుకుడి ప్రాంతమున ఒకప్పుడు పగడపు దిబ్బలను త్రవ్వి సున్నము కాల్చిరి; ఆ నష్టము నేటికిని పూడలేదు. రామేశ్వరమునుండి తూత్తుకుడి వరకు 21 దీవుల చుట్టు 1986లో ఏర్పడిన జాతీయ సముద్ర వనము ఇందుకొరకే. కావున దుకాణదారుడు చాటుగా చూపు పగడపు ముక్కను వలదని చెప్పి రండు. రాళ్లతో గుహవలె పేర్చి, కృత్రిమముగా చేసిన పగడములను అమర్చిన చాలును. సింహపు చేప పగలు నీడకోరు ప్రాణి. దానికి కావలసినది దాగుకొను చోటే.

తల్లులు అడుగవలసిన ప్రశ్న ఒకటి మిగిలినది: ముల్లు గ్రుచ్చుకొనిన ఏమి చేయవలెను? బాధ మిక్కుటముగా ఉండును, వాపు వచ్చును. గాయపడిన చేతిని ఓర్వగలిగినంత వేడినీటిలో, 45 డిగ్రీలు మించకుండ, అరగంట మొదలు గంటన్నర వరకు ముంచి యుంచవలెను. ఆ విషము వేడికి శక్తి కోల్పోవు స్వభావము కలది. బొబ్బలెక్కునంత వేడి పనికిరాదు. తెలివితో నున్న పెద్దవారు ముందు తమ చేతితో పరీక్షింపవలెను. పిమ్మట వైద్యుని చూడవలెను. ఊపిరి ఆడకున్నను, స్పృహ తప్పుచున్నను ఒక్క నిమిషమైనను ఆలసింపక వైద్యశాలకు పోవలెను. రాయవేలూరున వైద్యశాలలకు కొదవ లేదు గదా. తొట్టికి మూత, ఆ మూతకు గడియ తప్పనిసరి. చేతితో తొట్టి శుభ్రము చేయునపుడు చేప ఎచ్చట నున్నదో ఒక కంట కనిపెట్టుచుండవలెను.

ఇష్టము తీరిన తరువాత చేపను సముద్రమున విడిచిపెట్టుట పుణ్యమని కొందరి భావన. 1985లో అమెరికాలోని ఫ్లోరిడా తీరమున సింహపు చేప మొదటిసారి కనిపించినది. ఇండ్ల తొట్లనుండి విడువబడినవే దానికి మూలమని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. తరువాత అది కరీబియన్ సముద్రమంతట వ్యాపించి అచ్చటి చిన్న చేపలను హరించినది. మన కోట అగడ్తలో పూర్వము మొసళ్లుండెడివని చెప్పుకొందురు. ఆ మంచినీటిలో సింహపు చేపను వదలినచో అది బ్రతుకదు. పెంచలేనివారు ఉప్పునీటి తొట్టి గల మరియొక యింటివారికి, ముండ్ల సంగతి వివరించి, అప్పగింపవచ్చును.