అద్దె యింటి ఒడంబడిక

2022 ఏప్రిల్ 4వ తేదీన బాపట్ల జిల్లా కేంద్రమైనది. కార్యాలయములు వచ్చినవి, వాటి వెంట ఉద్యోగులు, వారి కుటుంబములు, సామానుల లారీలు వచ్చినవి. 1945లో వ్యవసాయ కళాశాల నెలకొన్న ఊరు గనుక అద్దె వ్యవహారము బాపట్లకు కొత్త గాదు. తెనాలి రైలు కూడలి. గుంటూరులోనో విజయవాడలోనో పని చేయుచు అక్కడ కాపురముండువారు ఎందరో కలరు. తెనాలినుండి చీలిన రైలుదారికి కొస రేపల్లె. “ఇల్లు అద్దెకు ఇవ్వబడును” అను పలక మూడు ఊళ్లలోను ఒకటే. దాని వెనుక విచారింపవలసిన సంగతులు మాత్రము ఒకటి కావు.

రేపల్లె వైపు మొదట విచారింపవలసినది నీరు. సముద్రము చేరువ గనుక భూమిలోని నీరు పలుచోట్ల ఉప్పన. బోరు నీటితో పప్పు ఉడుకునా, కుళాయి ఎన్ని గంటలు వచ్చును అని ఇల్లాలు అడిగిన ప్రశ్న, గదుల కొలత కంటె విలువైనది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనను ఎరిగిన తీరమిది. వానలలో వీధి నీరు గడప దాటునా అని ఇంటివారిని గాక ఎదురింటివారిని అడుగుట మేలు.

ఇక ఇంటివారు అడుగు ప్రశ్న ఒకటి కలదు. “మీరేమిటోళ్లండీ?” జవాబు విన్న పిమ్మట, “మా మేనల్లుడు వచ్చుచున్నాడు, ఇల్లు వానికి ఇచ్చివేసితిమి” అందురు. మరునాడును పలక అక్కడనే వ్రేలాడుచుండును. ఆ మేనల్లుడు ఎన్నటికిని రాడు. అద్దె సకాలమున ముట్టునా, ఇల్లు శుభ్రముగా ఉంచుదురా అని అడుగుట న్యాయమే. ఆ రెంటికిని కులము, మతము జవాబు చెప్పజాలవు. జీతము చేతనుండియు, ఇల్లు దొరకక లాడ్జిలో నెలలు గడుపువారి కష్టము పలక కట్టినవారికి తెలియదు.

ఇంటివారికిని భయములు లేకపోలేదు. పింఛను చాలని వృద్ధ దంపతులకు పై వాటా అద్దెయే మందుల ఖర్చు. ఇచ్చిన ఇల్లు తిరిగి వచ్చునా అని వారు బెంగపడుటలో వింత లేదు. ఉభయులకును దిక్కు పత్రమే. పదునొకండు నెలలకు వ్రాసికొన్న రిజిస్ట్రేషను అక్కరలేదను నమ్మకము మనలో నాటుకొన్నది. కేంద్ర శాసనములో ఏడాదికి లోపు గడువునకు అట్టి వెసులుబాటు ఉన్న మాట నిజమే. కాని 1999నాటి ఆంధ్రప్రదేశ్ సవరణ, గడువు ఎంతైనను అద్దె పత్రము రిజిస్టరు కావలెనన్నది. ఇది ఎరుగక, తగవు వచ్చిన నాడు స్టాంపు కాగితము చూపి నిరాశపడువారు కలరు.

అడ్వాన్సు ఎంత? కేంద్రము 2021లో రాష్ట్రములకు పంపిన మాదిరి అద్దె చట్టము, నివాస గృహమునకు రెండు నెలల అద్దెకు మించరాదన్నది. అది మాదిరియే అయినను బేరమునకు ఆసరా. ఖాళీ చేయుటకు ఎన్ని నెలల ముందు చెప్పవలెను, సున్నము ఎవరు వేయింపవలెను, అడ్వాన్సు ఏ దినమున తిరిగి ఇత్తురు అనునవి పత్రములో చేర్పవలెను. ఇంట చేరు దినమున కరెంటు మీటరు అంకెను ఇరువురును చూచి, ఆ పత్రము వెనుకనే వ్రాసి సంతకములు చేయుడు.