తీవ్రకాంతికి బొగ్గు కావలి
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



లేజరును గూర్చి చెప్పుమనిన, ఇతడు బొగ్గు, మసి అనుచున్నాడేమని మీకు తోచవచ్చును. ఈ సంచికలో మీరు చదువబోవు అక్షరముల నలుపు సైతము బొగ్గుమసియే గదా!

వరంగల్లు ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు 1959 అక్టోబరు 10వ తేదీన నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. ఏడు నెలల పిదప, 1960 మే 16న, అమెరికాలో మైమన్ కెంపుకడ్డీనుండి తొలి లేజరుకాంతిని వెలువరించెను. 2002లో జాతీయ విద్యాసంస్థయైన ఆ కళాశాలయు, లేజరును ఒక్క యీడువే.

కంటిలోని కటకము లేజరు కిరణమును నేత్రపటలముపై సూదిమొనయంత చుక్కగా కూర్చును. అచట దాని తీవ్రత సుమారు లక్షరెట్లగును. రెప్ప వాలుటకు సెకనులో నాలుగవ వంతు పట్టును. కొన్ని లేజరు మెరుపులు సెకనులో నూరుకోట్లవ వంతులు కొన్నింటనే ముగియును. కాలిన నేత్రపటలము మరల మొలవదు. నల్లకళ్లద్దములు పెట్టుకొందమన్నచో, చూడవలసిన వస్తువే కానరాదు. మందకాంతికి దారి యిచ్చి, తీవ్రకాంతికి తనంత తానే అడ్డు నిలుచు పదార్థము కావలెను.

1985లో క్రోటో, కర్ల్, స్మాలీ అనువారు అరువది కార్బను పరమాణువులు బంతివలె కూడిన అణువును కనుగొని, 1996లో నోబెలు బహుమానము పొందిరి. టొలుయీనులో కరగినప్పుడిది ఊదారంగుగా నుండును. ఇది తీవ్రమైన లేజరును అడ్డగించునని 1992లో టట్, కోస్ట్ అనువారు ప్రకటించిరి. అనేకములైన రంగులు కాంతి హెచ్చినకొలది అలసి, దానిని పోనిచ్చును. దీని గుణము విపరీతము. తొలుత కొంచెము కాంతిని గ్రహించిన అణువు ఉద్రిక్తస్థితికి చేరి, అచటనుండి మరింత ఆబగా కాంతిని మ్రింగును. అన్నము వద్దని మారాము చేసిన పిల్లవాడు, మొదటి ముద్ద దిగగానే కంచము ఖాళీ చేసినట్లు!

మన నెత్తురుటెరుపు, ఆకుపచ్చదనము పార్ఫిరిన్ జాతి అణువుల వలననే కలుగుచున్నవి. వాని చుట్టమైన థాలోసయనిన్ నీలిరంగులలో వాడబడును. ఈ కర్బన అణువులకును అదే గుణము కలదు. హైదరాబాదు విశ్వవిద్యాలయమున డి. నారాయణరావు, ఎస్. వేణుగోపాలరావు మొదలగువారు వీనిని పరిశోధించిరి. కటకము కిరణమును కూర్చు చోటికి ద్రావణమును ముందు వెనుకలకు జరుపుచు, ఆవలికి వచ్చు కాంతిని కొలుతురు. చుక్క సన్నగిలినచోట ఆ కాంతి తగ్గినచో, అణువు కావలి కాయుచున్నదన్నమాట. ద్రవములో కలిపిన మసిరేణువులు మరొక విధమున పనిచేయును: అవి కాగి, బుడగలు లేచి, కాంతిని చెదరగొట్టును.

ఈ కావలి సంపూర్ణము కాదు. ఒక్క పదార్థము అన్ని రంగులకును చాలదు. కాంతి మరీ హెచ్చినచో ద్రావణమున్న గాజే దెబ్బతినును.

మొన్న ఒక తల్లి, జాతరలో కొనిన బొమ్మలేజరునుండి యిది పిల్లవాని కన్ను కాచునా అని నన్నడిగెను. కాచదు. ఎడతెగక వెలుగు ఆ సన్నని కిరణము కంటికి కీడు చేయగలదు గాని, ఈ అణువులను మేల్కొలుపుటకు చాలదు. పైగా, అట్టి బొమ్మలలో కొన్నింటి శక్తి పైచీటీపై వ్రాసినదానికంటె హెచ్చుగా నుండును. ఆమె యింటికి పోయి దానిని అటకపై పెట్టినదట.