సంతకం ఒక్కటే చదువా?

(అంతర్జాతీయ అక్షరాస్యతా దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



వయోజన విద్య అనగానే మనకు నెల్లూరు గుర్తొస్తుంది. 1990లో ఆ జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. పగలంతా కూలి చేసిన ఆడవాళ్ళు రాత్రిపూట పలక పట్టారు. సారా వల్ల నాశనమైన కుటుంబం గురించి, సీతమ్మ కథ చదివి, ఇది మన కథే అనుకున్నారు. దూబగుంట స్త్రీల సారా వ్యతిరేక పోరాటం జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించక తప్పలేదు.

వాళ్ళను కదిలించింది అఆలు మాత్రమే కాదు. 'మన కూలి డబ్బు ఎక్కడికి పోతోంది?' అని నలుగురూ కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక చోటు దొరికింది. ఆ ప్రశ్నకు అక్షరం ఊతమయింది.

1991 జనాభా లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఏడేళ్ళు, ఆపై వయసున్న స్త్రీలలో అక్షరాస్యులు నూటికి 33 మంది. 2011 నాటికి ఉమ్మడి రాష్ట్రంలో 59 మంది అయ్యారు. సంతోషమే. కాని జనాభా లెక్కలవాళ్ళు పరీక్ష పెట్టరు. చదవడం, రాయడం వచ్చని ఇంట్లోవాళ్ళు చెబితే రాసుకుంటారు.

నేను పొదుపు సంఘాల సమావేశాలకు వెళ్తుంటాను. వేలిముద్ర పోయి సంతకం వచ్చింది. కాని చాలాచోట్ల తీర్మానాల పుస్తకం రాసేది ఒక్కరే. మిగతావాళ్ళు చూపించిన చోట సంతకం పెడతారు. వడ్డీ ఎంత, ఇంకా ఎన్ని కిస్తీలు కట్టాలి అని అడిగితే 'లీడరుకు తెలుసు' అంటారు. అప్పు మాత్రం అందరి మీదా ఉంటుంది. చదవకుండా పెట్టే సంతకానికీ వేలిముద్రకూ తేడా ఏమిటి?

2009లో మొదలైన సాక్షర భారత్ 7 కోట్లమందిని అక్షరాస్యులను చేయాలనుకుంది. అందులో 6 కోట్లమంది స్త్రీలు. 2018లో అది ఆగిపోయింది. 2022లో వచ్చిన కొత్త పథకం స్వచ్ఛంద సేవకుల మీద ఆధారపడింది. జీతం లేని పని చివరికి ఎవరి నెత్తిన పడుతుందో మనకు తెలియనిది కాదు. చదువు చెప్పే మనిషికి వేతనం, చదువుకునే మనిషికి వీలైన వేళ, కూర్చోవడానికి చోటు ఇమ్మని మనం ప్రభుత్వాన్ని అడగాలి.

మన చేతిలో ఉన్న పని కూడా ఉంది. బ్యాంకు పాసుపుస్తకం, ఉపాధి హామీ జాబ్‌కార్డు, రేషన్ కార్డు, వీటినే వాచకాలు చేద్దాం. ప్రతి సమావేశంలో తీర్మానాన్ని ఒక్కో సభ్యురాలు పైకి చదవాలి. చదవలేనామె 'ఇందులో ఏముందో చదివి చెప్పండి, తర్వాతే సంతకం' అని అడగాలి. ఆ హక్కు చదువు వచ్చినవాళ్ళకే కాదు, రానివాళ్ళకూ ఉంది.