ఏడాది పొడవునా తుమ్ములు: నిద్ర తెచ్చే మాత్ర, తేని మాత్ర



సాధారణ జలుబు వారం, పది రోజులలో తగ్గుతుంది. తెల్లవారగానే వరుస తుమ్ములు, ముక్కు నుండి నీరు, కళ్ల దురద జ్వరం లేకుండా నెలల తరబడి వేధిస్తే అది చాలావరకు అలర్జీయే. ఏడాది పొడవునా నిలిచే అలర్జీకి ముఖ్య కారణం పరుపులలో, దిండ్లలో నివసించే, కంటికి కనిపించని దుమ్ము పురుగులు. బొద్దింకలు, గోడల బూజు దానికి తోడవుతాయి. ఎండిన పాలారు ఇసుక, రహదారి పొగ, గుడియాత్తం వైపు బీడీల పొగాకు నలుసు అప్పటికే వాచిన ముక్కును మరింత రేపుతాయి.

శరీరం ఈ ధూళిని శత్రువుగా ఎంచి హిస్టమిన్ అనే పదార్థాన్ని వెలువరిస్తుంది. తుమ్ము, దురద దాని పనులే. దానిని అడ్డగించేవే యాంటీహిస్టమిన్ మందులు. వీటికి తొలి దారి చూపిన డానియెల్ బోవేకు 1957లో నోబెల్ బహుమతి లభించింది.

క్లోర్‌ఫెనిరమిన్, ఫెనిరమిన్ వంటి పాత మందులు చవక. కళ్లు మూతపడితేనే మందు పట్టిందని నమ్మేవారు నేటికీ ఉన్నారు. ఆ నమ్మకం సరికాదు. మెదడులో హిస్టమిన్ మనిషిని మెలకువగా ఉంచుతుంది. పాత మందు అక్కడికీ చేరి దానిని అణచుతుంది. మత్తుకూ ముక్కు తెరిపికీ సంబంధం లేదు. పైగా నిద్ర వస్తున్నట్లు తోచకపోయినా చేతి చురుకు తగ్గవచ్చు. రాత్రి వేసుకొన్న మాత్ర ప్రభావం మరునాటి ఉదయం కూడా మిగలవచ్చు. ప్రయాణికులు తలచుకొనే మార్గబంధు స్వామి వెలసిన ఊరు మన విరించిపురం. చెన్నై–బెంగళూరు రహదారి సమీపంలోనే సాగుతుంది. లారీ నడిపేవారికి, యంత్రాల వద్ద పనిచేసేవారికి, పరీక్షలకు చదివే పిల్లలకు ఈ మాత్రలు తగవు. ప్రోస్టేట్ వాపు ఉన్న వృద్ధులకు మూత్రం బిగుసుకుపోవచ్చు. గ్లాకోమా ఉన్నవారికీ ప్రమాదమే.

కొత్త తరంలో సెటిరిజిన్, లెవోసెటిరిజిన్ కొందరికి మత్తు కలిగిస్తాయి. లోరటడిన్, ఫెక్సోఫెనడిన్, బిలాస్టిన్ మత్తు బహు స్వల్పం. లెవోసెటిరిజిన్ అనేది సెటిరిజిన్‌లో పనిచేసే సగభాగమే. 5 మిల్లీగ్రాములు అందులో 10 మిల్లీగ్రాములకు సమానం. కనుక రెండూ కలిపి వేసుకోవడమంటే ఒకే మందును రెట్టింపు చేయడం. మూత్రపిండాల జబ్బు ఉంటే వీటి మోతాదును వైద్యుడు తగ్గించాలి. ఫెక్సోఫెనడిన్‌ను నీటితోనే మింగాలి. పండ్ల రసం దాని బలాన్ని తగ్గిస్తుంది. బిలాస్టిన్‌ను భోజనానికి గంట ముందు గాని, రెండు గంటల తరువాత గాని వేసుకోవాలి.

దుకాణంలో అడిగి కొనే "జలుబు మాత్ర"లో జ్వరం మందుతో పాటు క్లోర్‌ఫెనిరమిన్ తరచుగా ఉంటుంది. అట్ట మీది పేర్లు చదవకపోతే అలర్జీ మాత్రతో కలిసి మత్తు రెండింతలవుతుంది. క్లోర్‌ఫెనిరమిన్, ఫెనైలెఫ్రిన్ కలిసిన మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడరాదని మన దేశ ఔషధ నియంత్రణాధికారి 2023 డిసెంబరులో హెచ్చరిక ముద్రించమన్నారు.

నెలల తరబడి సెటిరిజిన్ లేదా లెవోసెటిరిజిన్ వాడి హఠాత్తుగా ఆపిన కొద్దిమందికి తీవ్రమైన దురద కలిగిందని అమెరికా ఔషధ సంస్థ 2025 మేలో తెలిపింది. అట్టి దురద అలర్జీ తిరగబెట్టడమని భ్రమించి మాత్రను శాశ్వతం చేసుకోకుండా, ఎలా మానాలో వైద్యుని అడగడం మేలు.

ముక్కు మూసుకుపోవడమే ముఖ్య బాధ అయినవారికి మాత్ర అంతగా ఉపకరించదు. వైద్యుడు వ్రాసిన స్టెరాయిడ్ స్ప్రేను రోజూ, కొన్ని వారాలు వాడితేనే ఫలితం తెలుస్తుంది. దాని ధారను ముక్కు నడిమి గోడకు గాక చెవి వైపుకు త్రిప్పాలి. పిల్లికూతలు, ఆయాసం ఉంటే అది ఉబ్బసం కావచ్చు. దానికి పీల్చే మందు అవసరం. ముఖం వాచి ఊపిరి ఆడకపోతే మాత్రతో కాలయాపన చేయక 108కు ఫోన్ చేసి ఆసుపత్రికి చేరాలి.

ఇంటిలో చీపురుతో ఊడ్చడానికి బదులు నేలను తడిగుడ్డతో తుడవడం, దిండు గలీబులను వారానికొకసారి వేడినీటిలో ఉతకడం మాత్రల అవసరాన్ని తగ్గించవచ్చు.