గుడి వూడ్చేది మనం - లెక్క చూసేది ఎవరు?

(దళిత కథోలిక యువకులు, ఉపదేశులు, పల్లె పెద్దలు కలిసిన సమావేశంలో మా తరఫున చదివిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని "విచారణ జీవితం" గురించి మాట్లాడమన్నారు. మన మతం తెలియని వాళ్ళు ఈ మాట వింటే పోలీసు విచారణ అనుకుంటారు. ఒక ఫాదరుగారి కింద వుండే పదీ పదిహేను వూళ్ళ కథోలికుల కూటమిని మనం విచారణ అంటాం. జనం మంచిచెడ్డలు విచారించే చోటు గనుక ఆ పేరు. మరి ఎవరి మంచిచెడ్డలు ఎవరు విచారిస్తున్నారు? ఇవాళ మా మాట అంతా దాని మీదే.

ఆదివారం పూజ చివర ప్రకటనలు చదువుతారు గదా. మంగళవారం అంతోనివారి నవదిన ప్రార్థన. బుధవారం నిత్యసహాయమాత ప్రార్థన. శుక్రవారం తిరుహృదయ ఆరాధన, తపస్సు కాలమైతే సిలువ మార్గం. శనివారం మరియదళం కూడిక, పాటల ప్రాక్టీసు. ఆదివారం పూజ తర్వాత పిల్లలకి సత్యోపదేశం. ఫలానా వారి పెళ్ళి ప్రకటన మొదటిసారి. ఫలానా వారింట్లో సంవత్సరీకం పూజ. వింటాం, సిలువ గుర్తు వేసుకుంటాం, లేచి వస్తాం. ఆ ప్రకటనల్లో ఎవరూ చదవని వారం ఇంకోటి వుంది. దాన్ని మేం చదువుతాం, వినండి.

శనివారం పొద్దుగూకే వేళకి మిరప కోతల ముఠా ఆటో దిగుతుంది. చేతులు మండుతుంటాయి, ఘాటుకి కళ్ళు ఎర్రబడి వుంటాయి. ఆ చేతుల్తోనే మన ఆడవాళ్ళు చీపుర్లు పట్టుకుని గుడికి పోతారు. వూడుస్తారు, తడిగుడ్డ పెడతారు, పీఠం గుడ్డలు వుతికి ఆరేసినవి తెచ్చి పరుస్తారు, బంతో చామంతో దొరికిన పూలు దండ కడతారు. ఆ పనికి జాబితా వుంది. ఈ వారం ఫలానా నాలుగిళ్ళు, వచ్చే వారం ఫలానా నాలుగిళ్ళు. ఆ జాబితాలో వూరి పెద్దిళ్ళ పేర్లు మేం ఎన్నడూ చూళ్ళేదు. పండగ కమిటీ జాబితాలో మన ఇళ్ళ పేర్లు ఎన్నున్నాయో మీకే తెలుసు.

ఇక ఉపదేశి సంగతి. ఫాదరుగారు ఒక్కరు, వూళ్ళు పదిహేను. కొన్ని పల్లెలకి నెలకొక్క పూజ దక్కితే గొప్ప. మిగతా ఆదివారాలు గుడి నడిపేది ఉపదేశే. గంట కొట్టేది ఆయనే, వాక్యం చదివేది ఆయనే, ప్రార్థనలు చెప్పించేది ఆయనే. చావు బతుకుల్లో వున్న ముసలామె మంచం దగ్గర అర్ధరాత్రి దాకా కూచుని జపమాల చెప్పేది ఆయనే, ఫాదరుగారికి కబురు పంపేది ఆయనే, తెల్లారి గుంట తవ్వేవాళ్ళని పిలిచేదీ ఆయనే. రెండో వాటికన్ మహాసభ 1962 నుంచి 65 దాకా జరిగింది. దానికి ముందు పూజ లాటిన్‌లో చేసేవాళ్ళు. పీఠం వైపు తిరిగి స్వాములవారు ఏం చదువుతున్నారో పల్లెలో ఒక్కరికీ తెలిసేది కాదు. ఆ రోజుల్లో దేవుణ్ణి తెలుగులో మన అరుగు మీదికి తెచ్చినవాడు ఉపదేశి. మన తాతల్లో చాలామందికి పలక మీద ఓనమాలు దిద్దించినవాడూ ఆయనే. ఆయన మాలో మాదిగో అయ్యుంటాడు. ఇవాళ ఇక్కడ కూచున్న ఉపదేశిగార్లని ఒక లెక్క అడుగుతున్నాం. మీ నెల జీతాన్ని మిరప కోత కూలి డబ్బుతో భాగించి చూడండి. ఎన్ని రోజుల కూలి అవుతుంది? సిగ్గుపడాల్సింది మీరు కాదు, పైకే చెప్పండి.

ఆదివారం ఇలా గడిచిపోద్ది. సోమవారం పిల్లకి కులం కాగితం కావాలి. మండలాఫీసులో కూచున్నాయన మొదట అడిగేది "ఆదివారం ఎక్కడికి పోతారు?" అని. గుడిలో అంతోని, బడి రిజిస్టర్లో ఆంజనేయులు. గుడిలో మరియమ్మ, రేషన్ కార్డులో మాణిక్యమ్మ. ఈ రెండు పేర్లు మనం సరదాకి పెట్టుకున్నవి కావు. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా, హిందువు కానివాడు షెడ్యూల్డు కులం వాడు కాదంది. 1956లో సిక్కు దళితుల్ని, 1990లో బౌద్ధ దళితుల్ని లోపలికి తీసుకున్నారు. క్రైస్తవ దళితుల్నీ ముస్లిం దళితుల్నీ బయటే నిలబెట్టారు. తెలుగునాట మనకి బి.సి.-సి అని ఒక కొట్టం వేసి ఒక్క శాతం పడేశారు. జ్ఞానస్నానం నీళ్ళు నెత్తిన పడగానే అంటరానితనం కడుక్కుపోయిందని ప్రభుత్వం నమ్ముతోంది. వూళ్ళో ఆసామి నమ్మలేదు. టీకొట్టువాడు నమ్మలేదు. మన విచారణలోనే వున్న పెద్దకులం కథోలికులు నమ్మలేదు. ప్రభుత్వానికి ఒక్కదానికే అంత విశ్వాసం!

ఆ మూడో పేరా ఎత్తెయ్యమని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే చెప్పింది. 2022 అక్టోబరులో కేంద్రం బాలకృష్ణన్ కమిషన్ని వేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ మనకి ఎస్సీ హోదా ఇవ్వమని తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవంలోకి పోయి ఆ మతాన్ని పాటిస్తున్నవాళ్ళకి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదంది. మీటింగుల్లో ఈ తేదీలన్నీ మనం చెప్పుకునేవే. చెప్పుకోని సంగతి ఇంకోటి వుంది.

ఈ ఉత్తర్వు మన ఉద్యోగాలతో ఆగలేదు, గుడిలోకి కూడా వచ్చింది. విచారణ పాలకమండలిలో సభ్యుడిగా సంతకం పెట్టమంటే మన చదువుకున్న కుర్రాడు జంకుతాడు. రేపు ఎవడైనా ఆ కాగితం పట్టుకుపోయి మండలాఫీసులో పెడితే? ఉద్యోగం వున్న అన్న అయితే గుడి ఫొటోలో కూడా నిలబడడు. పెద్దకులం కథోలికుడికి ఆ భయం లేదు. ఆయన కులం ఆదివారం ఎంతో సోమవారమూ అంతే. అందుకని ఆయన ధైర్యంగా కార్యదర్శి అవుతాడు, కోశాధికారి అవుతాడు, పండగ కమిటీ అధ్యక్షుడవుతాడు. మన భయం ఆయన కుర్చీకి నాలుగో కాలు. ఢిల్లీలో రాసిన మూడో పేరా మన పల్లె గుడి చందా పుస్తకం ఎవరి చేతిలో వుండాలో తేలుస్తోంది. దీన్ని మనం గట్టిగా పట్టించుకోలేదు.

చరిత్ర కూడా కొంచెం గుర్తు పెట్టుకోవాలి. తెలుగునాట కథోలికంలోకి 18వ శతాబ్దంలో రాయలసీమ రెడ్డి కుటుంబాలు వచ్చాయి. వాళ్ళ వెంట వాళ్ళ కులమూ వచ్చింది. కొన్ని కుటుంబాలు గుంటూరు వైపు వచ్చి స్థిరపడ్డాయి. మాల మాదిగలు పెద్దయెత్తున చేరింది ఆ తర్వాత, 19వ శతాబ్దం చివరి రోజుల నుంచి. మనం వచ్చేసరికి బెంచీల మీద మనుషులున్నారు. మన ముందు తరాల వాళ్ళు గుడిలో కూడా కింద విడిగా కూచున్న రోజులు మన ముసలాళ్ళకి బాగా తెలుసు. ఇప్పుడు బెంచీలు కలిశాయి. తేరు మాత్రం చాలా చోట్ల పల్లె దాకా రాదు, పెద్దవీధి మొదట్లోనే మలుపు తిరుగుద్ది. కరెంటు తీగలు అడ్డమంటారు. వూళ్ళో లేవా తీగలు? సమాధుల పండగ రోజు నవంబరు 2న కొవ్వొత్తులు పట్టుకుని పోతే చచ్చినవాళ్ళ కులం కూడా వరసల్లో కనపడద్ది. తమిళనాడులో తిరుచిరాపల్లి కథోలిక సమాధుల దొడ్డిలో అయితే దళితుల సమాధులకి అడ్డంగా గోడే కట్టారు.

ఇంకో మాట, మనలో మనం. మాలపల్లెకి ఒక గుడి, మాదిగపల్లెకి ఒక గుడి వున్న వూళ్ళు లేవా? రెండు గుడుల జనం ఒక పండక్కి ఒక పందిట్లో కూచుని తిన్నారా? పెద్దకులం వాడి ముందు చందా పుస్తకం అడగబోయే ముందు ఈ రెండు పందిళ్ళు కలవాలి. దీని మీద ఇవాళ ఎక్కువ చెప్పం. మధ్యాన్నం అన్నాల దగ్గర అందరూ ఒకే బంతిలో కూచోండి.

ఉద్యమంలో మన మిత్రులు కొందరు "మీకింకా ఆ గుడెందుకు? 1956లో బాబాసాహెబ్ దారి చూపించాడు గదా, బయటికి రండి" అంటున్నారు. వాళ్ళ కోపం మాకు అర్థమవుద్ది. అయితే ఒకటి అడుగుతాం. మన ఆడపిల్లలకి హాస్టలు పెట్టింది ఎవరు? కాన్పు కష్టమైతే సిస్టరమ్మల ఆస్పత్రికి గాక ఎక్కడికి పోయాం? వూరి బడిలో గుమ్మం బయట కూచోబెట్టిన రోజుల్లో లోపలికి పిలిచిన బడి ఏది? బుధవారం రాత్రి కూలి నుంచి వచ్చి ఇంటి ప్రార్థనలో ఒక గంట కూచున్న ఆడమనిషి, మొగుడి తాగుడు గురించి, అప్పు గురించి పదిమంది ముందు నోరు విప్పేది ఆ చోటే. దాన్ని మూఢత్వమని కొట్టిపారేసేవాడు ఆమె ఇంటికి ఒక్క రాత్రి వచ్చి చూడాలి. ఈ గుడి రాళ్ళు మోసింది మనవాళ్ళు. వదిలిపోవాల్సిన అవసరం వూడ్చేవాళ్ళకి ఏముంది?

కాబట్టి లోపలుండే అడుగుదాం. ఏ ఆధారంతో? మన దగ్గర కాగితాలున్నాయి. భారత కథోలిక బిషప్పుల సమాఖ్య 2016 డిసెంబరులో దళితుల సాధికారత మీద విధాన పత్రం విడుదల చేసింది. దేశంలో కోటీ తొంభై లక్షల కథోలికుల్లో కోటీ ఇరవై లక్షల మంది దళితులేనని చెప్పింది. శ్రీసభలో వివక్ష వుందని ఒప్పుకుంది. 2022 ఆగస్టులో మన కర్నూలు బిడ్డ, హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోనిగారు కార్డినల్ అయ్యారు. దళితుల్లోంచి మొదటి కార్డినల్ ఆయనే. 2025 మేలో రోములో పోపుగారిని ఎన్నుకున్నవాళ్ళలో ఆయనొకరు. పోపుగారిని ఎన్నుకోవడానికి పనికొచ్చిన మన చెయ్యి, పల్లె గుడిలో చందా రసీదు కోయడానికి పనికిరాదా?

1983లో వచ్చిన శ్రీసభ చట్టం, అదే కానన్ లా, చూడండి. 537వ సూత్రం ప్రతి విచారణలో ఆర్థికమండలి వుండి తీరాలంటుంది. 1287వ సూత్రం, విశ్వాసులు ఇచ్చిన కానుకల లెక్క విశ్వాసులకి చెప్పాలంటుంది. 1267వ సూత్రం, దేనికని ఇచ్చిన డబ్బు దానికే ఖర్చు పెట్టాలంటుంది. అంటే ప్రహరీ గోడకని వసూలు చేసిన చందా బాణాసంచాకి పోకూడదు. 848వ సూత్రం, పేదరికం వల్ల ఎవరికీ సంస్కారాలు ఆగకూడదంటుంది. పూజ కానుక ఇవ్వలేని పేదవాడి కోసం కూడా పూజ చెయ్యమని 945వ సూత్రం గురువులకి గట్టిగా చెబుతుంది. 212వ సూత్రం, మన అవసరాలు కాపరులకి చెప్పుకునే హక్కు మనకిచ్చింది. 2024 అక్టోబరులో రోములో ముగిసిన సినడ్ కూడా ఇలాంటి మండళ్ళు తప్పనిసరి కావాలనీ, లెక్కలు బహిరంగంగా వుండాలనీ చెప్పింది. ఈ అంకెలు చేతి మీద రాసుకోండి. లెక్క అడిగితే "మీరు గుడికి వ్యతిరేకులు" అంటారు. గుడి చట్టమే అడగమంది అని చెప్పండి.

ఇంకొక చిన్న విషయం, మాకైతే చిన్నది కాదు. పవిత్ర గురువారం నాడు ఫాదరుగారు పన్నెండుమంది కాళ్ళు కడుగుతారు. ఆ పన్నెండు కుర్చీల్లో ఎవరు కూచుంటున్నారు? మా విచారణలో ఏళ్ళ తరబడి ఇస్త్రీ పంచెల వాళ్ళే కూచున్నారు. ఇంటి దగ్గర సబ్బుతో కడుక్కొచ్చిన కాళ్ళు! 2016 జనవరిలో ఫ్రాన్సిస్ పోపుగారు ఆడవాళ్ళ కాళ్ళు కూడా కడగొచ్చని ఉత్తర్వు ఇప్పించారు. మిరప చేలో పగుళ్ళిచ్చిన కాళ్ళు, మురిక్కాలవ పారిశుధ్య పని చేసి వచ్చిన కాళ్ళు ఆ కుర్చీల్లోకి రావాలి. పేర్లు పల్లెలోనే రాసి, తపస్సు కాలం మొదట్లోనే ఫాదరుగారికి ఇద్దాం. అప్పటికప్పుడంటే జాబితా అయిపోయిందంటారు.

ఇప్పుడు పని మాట. ఈ అర్జీ కాగితంలో మేం రాసినవి మూడే. పోయిన పండగ జమాఖర్చు పూజ తర్వాత గుడిలో చదవాలి. ఆర్థికమండలిలో ప్రతి పల్లె నుంచి ఒకరు వుండాలి, ఆ మొత్తంలో సగం మంది ఆడవాళ్ళు కావాలి. ఉపదేశుల జీతం కూలి రేటుకి తగ్గకూడదు. కులం కాగితం భయం వున్నవాళ్ళు సంతకం పెట్టక్కర్లేదు, వాళ్ళని ఎవరూ ఎగతాళి చెయ్యొద్దు. వాళ్ళ బదులు వాళ్ళ అమ్మలు, నానమ్మలు వేలిముద్ర వేస్తారు. ఆళ్ళకి పోయే ఉద్యోగాలేం లేవు. చందా రసీదులు ఎవరింట్లో ఎన్నుంటే అన్నీ గుడ్డసంచిలో వేసి తీసుకురండి, పాతవైనా సరే. మా దగ్గర రెండు పల్లెలవి పోగయ్యాయి. మిగతావి శనివారం సాయంత్రం, గుడి వూడ్చేటప్పుడే ఆడవాళ్ళు ఒకచోట చేర్చి కూడిక వేస్తారు. ఆదివారం పూజ అయ్యాక ప్రకటనలు చదివేటప్పుడు ఎవరూ లేచి వెళ్ళొద్దు.