తాండా నడిచింది, నిలిచింది, మళ్లీ కదులుతోంది
(ప్రసంగ పాఠం)

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల తాండాల నుంచి వచ్చిన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ రామ్ రామ్.

నాకిచ్చిన అంశం జనాభా, వలసల భూగోళశాస్త్రం. వినగానే గ్రూప్స్ కోచింగ్ క్లాసు గుర్తొచ్చి ఉంటుంది. ఆ పదాలు పరీక్షకు ఎలాగూ కావాలి. కానీ బట్టీ పట్టాల్సిన పని లేదు. మన తాండా సంగతి చెప్పుకుంటే దాదాపు అన్నీ అందులోనే వస్తాయి.

ముందు తాండా అనే మాటే చూడండి. ఇవాళ తాండా అంటే మనకు ఊరు. ఒకప్పుడు తాండా అంటే ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని సాగిపోయే బిడారు. దక్కన్ మీదికి వచ్చిన మొఘల్ సైన్యాలకు తిండిగింజలు మోసింది ఈ బిడార్లే. దీన్ని శాస్త్రంలో వలస అనరు, సంచారం అంటారు. వలస అంటే ఒక నివాసం వదిలి ఇంకో నివాసానికి పోవడం. సంచారికి దారే నివాసం. "మీరు ఎక్కడినుంచో వలస వచ్చినోళ్లు కదా" అని ఎవరైనా అంటే ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

19వ శతాబ్దం రెండో సగంలో రైళ్లు, రోడ్లు వచ్చాయి. ఎడ్ల మీద సరుకు మోసే పని పోయింది. అదే కాలంలో, 1871లో, బ్రిటిష్ వాళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. ఒకచోట ఉండకుండా తిరగడమే అనుమానించాల్సిన సంగతి అయిపోయింది. కొన్ని ప్రాంతాల్లో మన వాళ్లనూ ఆ జాబితాలో పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో గానీ ఆ చట్టం పోలేదు. అలా పని పోయి, భయం పెరిగి, ఊళ్లకు దూరంగా గుట్టల పక్కన, అడవి అంచుల్లో తాండా నిలిచిపోయింది. మంచి నేలలు అప్పటికే ఇంకొకరి చేతుల్లో ఉన్నాయి.

ఇప్పుడు తోసే కారణాలు, లాగే కారణాలు. ఎవరెట్ లీ అనే అమెరికన్ 1966లో దీన్ని వివరించాడు. ఉన్న చోటు మనిషిని తోస్తుంది, పోయే చోటు లాగుతుంది, మధ్యలో దూరం, ఖర్చు, భాష లాంటి అడ్డంకులుంటాయి. మన దగ్గర దీనికి నాగార్జునసాగర్ ఎడమ కాలువను మించిన ఉదాహరణ లేదు. 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన, 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు తడి వచ్చేసరికి కోస్తా జిల్లాల రైతులు వచ్చి భూములు కొన్నారు, వరి పండింది, మిర్యాలగూడ రైస్ మిల్లుల పట్టణమైంది. కాలువ వాళ్లను లాగింది. కాలువకు ఎగువన, మెరక మీద ఉన్న తాండాకు మాత్రం ఆ నీళ్లు ఎక్కలేదు. వానా, బోరూ నమ్ముకుని, అవి మోసం చేస్తే ముఠా కట్టుకుని కూలికి పోవడమే. ఒకే కాలువ ఒకరిని రమ్మంది, పక్కనే ఉన్నవాళ్లను ఆపలేకపోయింది. లీ గారికి ఈ కాలువ చూపించి ఉంటే బాగుండేది.

రావెన్‌స్టైన్ పేరు కూడా పరీక్షల్లో వస్తుంది. 1885లో ఆయన వలస సూత్రాలు రాశాడు. ఎక్కువమంది దగ్గరి దూరాలకే పోతారు, మెట్లు మెట్లుగా పోతారు, ప్రతి ప్రవాహానికీ ఎదురు ప్రవాహం ఉంటుంది అన్నాడు. తాండా నుంచి సూర్యాపేటలో అద్దె గది, అక్కడినుంచి హైదరాబాద్: ఇదే మెట్లు మెట్లుగా పోవడం. ఎదురు ప్రవాహం అంటే 2020 మే నెల తలుచుకోండి. లాక్‌డౌన్‌లో వలస కూలీలు రైళ్లెక్కి ఇళ్లకు పోతున్న రోజుల్లోనే, బీహార్ ఖగడియా నుంచి లింగంపల్లికి ఒక రైలు వచ్చింది. అందులో రెండు వందలకు పైగా రైస్ మిల్లు హమాలీలు. వాళ్లను పంపిన చోట్లలో మిర్యాలగూడ ఒకటి. మన పిల్లలు హైదరాబాద్‌లో పని వెతుక్కుంటుంటే, మన పక్క మిల్లులో బస్తా మోయడానికి బీహార్ నుంచి మనిషి వస్తున్నాడు. దీని మీద మీరే వాదించుకోండి, నా దగ్గర ఒక్క మాటలో జవాబు లేదు.

ఆడపిల్లల సంగతి. దేశంలో 2011 జనగణన ప్రకారం 45 కోట్లకు పైగా వలసదారులున్నారు. అందులో ఎక్కువమంది ఆడవాళ్లే, వాళ్ల మొదటి కారణం పెళ్లి. వలస అనగానే మనకు మూట నెత్తిన పెట్టుకున్న కూలీ మగమనిషి కనిపిస్తాడు గానీ, లెక్కల్లో కనిపించేది పెళ్లికూతురు. మన యాడీలకు ఇది కొత్త కాదు. పుట్టిన తాండా విడిచేటప్పుడు పెళ్లికూతురు పాడే ఢావ్లో ఉండనే ఉంది.

మరి మిర్చి ఏరడానికి ఖమ్మం, గుంటూరు వైపు రెండు నెలలు పోయి వచ్చేవాళ్లు? జనగణన అడిగేది నివాసం మారిందా అని. వాళ్ల నివాసం మారలేదు కాబట్టి అందులో వాళ్లు దాదాపు కనిపించరు. అందుకే జాతీయ నమూనా సర్వే 2007-08లో వేరే లెక్క పెట్టింది: ఏడాదిలో నెలకు తగ్గకుండా, ఆరు నెలల లోపు పనికోసం బయట ఉన్నవాళ్లు స్వల్పకాలిక వలసదారులు. తల్లిదండ్రుల వెంట పోయి బడి మానేసిన పిల్లవాడు లెక్కల్లో తాండాలోనే ఉంటాడు.

హద్దుల విషయం ఒక్క మాట. 2016 అక్టోబర్ 11 దాకా ఈ మూడు పట్టణాలూ నల్లగొండ జిల్లానే. 2011లో ఆ జిల్లా జనాభా దాదాపు 35 లక్షలు. రేపటి లెక్కలో నల్లగొండ సగానికి పడిపోయినట్టు కనిపిస్తే జనం ఎటో పోయారని రాయకండి. గీత జరిగింది, మనుషులు కాదు.

గీత మన బతుకుల్ని ఎలా మారుస్తుందో కోదాడ వాళ్లకు బాగా తెలియాలి. 1976 సవరణ చట్టం దాకా ఆంధ్ర ప్రాంతంలో సుగాలీలు ఎస్టీలు, తెలంగాణలో లంబాడాలు కారు. కోదాడ దాటి జగ్గయ్యపేటలో ఉన్న మేనమామ ఎస్టీ, ఇటు ఉన్న మేనల్లుడు కాదు. ఇవాళ్టికీ కర్ణాటకలో మన వాళ్లు ఎస్సీలు, మహారాష్ట్రలో విముక్త జాతులు. వలస పోతే హోదా వెంట వస్తుందా? 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు రాదంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ కుటుంబంలో పుట్టి, చిన్నప్పుడే తండ్రి ఉద్యోగంతో బొంబాయి వెళ్లిన విద్యార్థికి అక్కడ ఎస్టీ కోటాలో మెడికల్ సీటు దక్కలేదు. పుణెకో బెంగళూరుకో కుటుంబంతో పోయి స్థిరపడే ముందు, మీ పిల్లల చదువు దగ్గర ఈ సంగతి ఆలోచించండి. కేంద్ర ఉద్యోగాలకు మీ తెలంగాణ సర్టిఫికెట్ పనిచేస్తుంది, అక్కడి రాష్ట్ర కోటాకు పనిచేయదు.

ఇక జనగణన. 2027 మార్చి 1 ప్రాతిపదికగా జరుగుతోంది. ఈసారి కులం కూడా రాస్తున్నారు. హైదరాబాద్ గదిలో ఉన్నవాళ్లు ఎక్కడ రాయించుకోవాలో ఇంటివాళ్లతో ముందే మాట్లాడుకోండి. రెండుచోట్లా రాయించుకోవద్దు, రెండుచోట్లా తప్పిపోవద్దు. మాతృభాష అడిగినప్పుడు, అడిగేవాళ్లు తెలుగులో అడిగారు కదా అని మనమూ తెలుగు అనేస్తాం. 2011లో లంబాడీ అని రాయించుకున్నవాళ్లు దేశం మొత్తంలో 32 లక్షలకు పైగా. ఆ లెక్కను కూడా హిందీ కింద చేర్చి చూపించారు. ఇంట్లో యాడీతో మాట్లాడేది గోర్ బోలీ అయితే, ఆ గడిలో అదే చెప్పండి. రాసేవాళ్లు ఇంకోటి రాస్తుంటే ఆపి, మళ్లీ చెప్పండి.